మబ్బులనే లేచి చెరువుకు



బోధన్ చుట్టుపక్కల చెరకు బండ్లూ బాతులూ ఒకే కాలంలో దిగేవి. కార్తీకం వెళ్లేసరికి శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలయ్యేది. రాత్రంతా ఎడ్లబండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండేవి. అవే రోజుల్లో, ఆ బండ్ల మీదుగానే, చీకట్లో బాతుల గుంపులు చెరువుల మీదికి వచ్చేవి. ఎండలు ముదిరి ఫ్యాక్టరీ పొగ ఆగే వేళకు అవీ వెళ్లిపోయేవి. 1938 ప్రాంతంలో చక్కెర తీయడం మొదలుపెట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. బండ్లు రావడం మానేశాయి. బాతులు మానలేదు.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ బాతుల గురించి, వాటి కోసం మబ్బులనే, అంటే ఇంకా చీకటి ఉండగానే, లేచి పోయిన వేటగాళ్ల గురించి, ఆ వేటగాళ్లు వెంటబెట్టుకుపోయిన చిన్న పిల్లల గురించి. ఆ పిల్లల్లో నేనూ ఒకణ్ణి.

నా మాట ముందే చెప్పేస్తాను. వేట పోయింది, పోవడమే మంచిది. అది మళ్లీ రావాలని నేను అనను. కాని వేటతోపాటు ఇంకొకటి కూడా కొట్టుకుపోయింది. పెద్దవాడు ఒక చిన్నపిల్లను లేపి, చలిలో, తెల్లారకముందు చెరువు కట్ట మీదికి తోలుకపోయే అలవాటు అది. తుపాకిని చట్టం ఆపింది. పిల్లను తోలుకపోవద్దని ఏ చట్టమూ చెప్పలేదు, అది మనంతట మనమే మానేశాం.

మా మేనమామ ఫ్యాక్టరీ కేన్ డిపార్ట్‌మెంటులో పనిచేసేవాడు. ఆయనకు లైసెన్సు తుపాకి ఉండేది. పన్నెండో బోరు, ఒంటి గొట్టం. 1960లు ముగుస్తున్న రోజులు. వారంలో సెలవు ఆదివారం ఒక్కటే. శనివారం రాత్రే గూట్లోంచి తూటాలు దించి, చేటలో పోసుకుని, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచేవాడు. చెమ్మ తగిలిన తూటా సమయానికి పేలదని ఆయన భయం. అవి తుడిచేటప్పుడు నన్ను పక్కన కూర్చోనిచ్చాడంటే మర్నాడు తోలుకపోతాడని లెక్క. నోటితో చెప్పేవాడు కాదు. చెప్తే మా అమ్మ వినేది, వింటే చలిలో పిల్లాణ్ణి ఎక్కడికిరా అని మొదలుపెట్టేది.

మంకీ టోపీ, స్వెట్టరు, దాని మీద అమ్మ పాత శాలువా. సైకిలు ముందు రాడ్డుకు మడతపెట్టి చుట్టిన గోనెసంచి, దాని మీద నేను. తుపాకి ఆయన భుజానికి, తూటాల సంచి నా మెడకు. చెరకు తోటల మధ్య కాలువగట్టు మీద పోతుంటే ఆకుల మీది మంచు మోకాళ్ల మీద పడేది. అవతల రోడ్డు మీద బండ్ల కింద వేలాడే లాంతర్లు వరసగా కనపడేవి. చెరువు తూము దగ్గర, మేమంతా చాచా అని పిలిచే మామ దోస్తు, బీడీ కాలుస్తూ కూర్చుని ఉండేవాడు. ఆయన బీడీ ఆర్పాడంటే ఇక మాటల్లేవు.

అంత పొద్దున్నే ఎందుకంటే, బాతు రాత్రి మేస్తుంది. పొద్దుగూకిన తర్వాత వరి మళ్ల మీదికి, తడి పొలాల మీదికి పోయి గింజలు, గడ్డివిత్తులు, పురుగులు తిని, తెల్లారేసరికి చెరువు నడుమకు చేరి పగలంతా కునుకు తీస్తుంది. పొలం నుంచి చెరువుకు తిరిగొచ్చే ఆ కొద్దిసేపే అవి కిందుగా ఎగురుతాయి. వేటగాళ్లు మాటు వేసేది అప్పుడే. నిజాంసాగర్ కట్టకముందు ఈ ప్రాంతంలో ఇన్ని తడి పొలాలు లేవు. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మంజీర నీళ్లను కాలువలకెక్కించింది. ఆ నీళ్లను చూసుకునే ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. ఆ నీళ్లను చూసుకునే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి వర్ని, కోటగిరి, రుద్రూరు చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. బాతులూ ఆ నీళ్లకే మరిగాయి. వరి నారుమళ్లు తొక్కుతాయని రైతులు తిట్టుకునేవారు కూడా. యాసంగి నారు పోసిన రాత్రి ఈలబాతులు దిగాయంటే పొద్దున ఆ మడి చూడలేం. అందుకని వేటగాళ్లంటే ఊళ్లో ఎవరికీ కోపం ఉండేది కాదు.

ఆరేళ్ల పిల్లాడికి వేటలో ఏం పని అని అడగొచ్చు. పని ఉండేది. తూటా పేలగానే పెద్దవాళ్లు ఇంకో తూటా ఎక్కించే హడావిడిలో ఉంటారు. పిట్ట ఎక్కడ పడిందో కన్ను తిప్పకుండా చూసి పెట్టుకోవడం నా వంతు. మునిగిన తుమ్మచెట్టుకు ఇవతల, తుంగ దుబ్బుకు కుడిపక్క, అని నేను చెప్తే చాచా లుంగీ ఎగగట్టి నీళ్లలోకి దిగేవాడు. నేను చూపిన చోట దొరికితే ఆ రోజంతా నేను పెద్దమనిషినే. దొరకకపోతే ఎవరూ ఏమీ అనేవారు కాదు, అదే ఎక్కువ కష్టంగా ఉండేది. రెండో పని, ఖాళీ తూటాలు ఏరి సంచిలో వేయడం. పొగవాసనతో వెచ్చగా ఉండే ఆ డొల్లను కింది పెదవికి ఆనించి ఊదితే సన్నటి కూత వచ్చేది. ఊదితే మామ నెత్తి మీద మొట్టేవాడు. ఊదకుండా ఉండటం మాత్రం నా వల్ల అయ్యేది కాదు.

ఇంతవరకు చెప్పింది వింటే ముచ్చటగానే ఉంటుంది. మిగతాదీ చెప్పాలి కదా.

తూటా ఖరీదైనది. అందుకని ఎగిరే ఒంటి పిట్టను కొట్టి వేటకాడు అనిపించుకునే దర్జా మా మామకు లేదు. నీళ్ల మీద నాలుగు దగ్గరకు చేరేదాకా ఆగి, గుంపు నడుమకు కొట్టేవాడు. ఒక దెబ్బకు రెండు పడాలి, మూడు పడితే మరీ మంచిది. అలా కొడితే పడినవాటికంటే తగిలి పోయినవి ఎక్కువ. రెక్క విరిగిన బాతు మునుగుతుంది. మునిగి, నాచులో ముక్కు మాత్రం పైకి పెట్టుకుని అలాగే ఉండిపోతుంది. చాచా వెతికి వెతికి వదిలేసేవాడు. దొరికినది ఇంకా కొట్టుకుంటూ ఉంటే, ప్రాణం పోకముందే గొంతు కోసి జబా చేయాలి, లేకపోతే ఆయనకు పనికిరాదు. నీళ్లలోంచి చేత్తో ఎత్తి పట్టుకుని, ‘చాకు తే బేటా, చాకు!’ అని అరుస్తూ గట్టుకు వచ్చేవాడు. చాకు ఇచ్చేది నేను. ఓసారి పిట్టను పట్టుకోమన్నాడు. సూదితోక బాతు, మగది. చాక్లెట్ రంగు తల, మెడ మీదికి పాకిన తెల్లటి గీత. ఈకల కింద ఇంత చిన్న ఒంట్లో అంత వేడి ఉంటుందని నేననుకోలేదు. గుండె నా వేళ్లకు తగులుతోంది. ‘మామా, ఇది సచ్చిందా?’ అన్నాను. ‘ఇంకా లేదు’ అన్నాడు మామ. తర్వాత ఆయన నా మొహం చూసి, నన్ను తూము అవతలికి పోయి కూర్చోమన్నాడు. నేను పోలేదు.

పిల్లను వేటకు తీసుకుపోవడం మంచిదా చెడ్డదా అని ఈ కాలం వాళ్లు అడిగినప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ ‘ఇంకా లేదు’ అన్న మాట. పళ్లెంలో మాంసం ఎక్కడినుంచి వస్తుందో ఆ వయసులోనే చూశాను, అది నిజం. ఆ చూపు మొద్దుబారిన పిల్లలనూ చూశాను, అదీ నిజమే. మాతో వచ్చిన ఇంకో పిల్లాడు కొద్దిరోజుల్లో గులేరు పట్టుకుని కాలనీలో పిచ్చుకల్ని, గోరింకల్ని కొట్టడం మొదలుపెట్టాడు. వాటిని తినేవాడు కూడా కాదు.

ఇంటికొచ్చాక వంట మా అత్త చేసేది. ఈకలు పీకి, చర్మం ఒలిచి, పసుపూ ఉప్పూ దట్టంగా పట్టించి, అల్లం వెల్లుల్లి మామూలుకు రెట్టింపు వేసేది, నీచు వాసన పోవాలని. ఊళ్లో మురుగాబీ కూర అనే పేరుకే కొందరికి నోరూరేది. గరిటెమూతి బాతును మాత్రం మా వాళ్లు కొట్టేవారు కాదు, అది బురద వాసన వేస్తుందని. తింటూ తింటూ ఉంటే పంటికింద ఛర్రా, అంటే తూటాలోని చిన్న గుండు, తగిలేది. దాన్ని తీసి స్టీలు పళ్లెంలో వేస్తే టింగుమని మోగేది. ఎవరి ముక్కలో ఎన్ని వచ్చాయని పిల్లలం పందెం వేసుకునేవాళ్లం.

ఆ ఛర్రా సీసం. ఆ సంగతి మాకు తెలియక కాదు, సీసం అంటే ఏమిటో తెలియక తిన్నాం. బాతుకు పళ్లుండవు కనక గింజలు నూరుకోవడానికి చిన్న చిన్న రాళ్లు మింగి కందనకాయలో దాచుకుంటుంది. చెరువు అడుగున పడిన ఛర్రాను కూడా రాయి అనుకుని మింగుతుంది. కందనకాయ దాన్ని అరగదీస్తుంది, విషం రక్తంలోకి పోతుంది, బాతు ఎగరలేక చచ్చిపోతుంది. అంటే తగలని తూటా కూడా తర్వాత ఎప్పుడో బాతును చంపుతుంది. అమెరికాలో 1991 నుంచి నీటిపక్షుల వేటకు సీసపు ఛర్రా వాడకూడదు. ఐరోపా యూనియన్ నీటి ప్రాంతాల్లో దాన్ని 2023లో నిషేధించింది. మేం తిన్న కూర సంగతి ఇప్పుడు ఆలోచించి లాభం లేదు.

మా మామది చిన్న తుపాకి, చిన్న ఆశ. పెద్దవాళ్ల వేట వేరే తీరులో ఉండేది. మన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కొత్తగా తిరుగుతున్న రోజుల్లోనే, 1938 నవంబరు 12న, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో పరివారం ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కొట్టింది. ఆ లెక్కలు అక్కడ రాతిపలకల మీద చెక్కించారు, ఇప్పటికీ ఉన్నాయి. ఆ చెరువే తర్వాత కేవలాదేవ్ జాతీయ పార్కు అయింది, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. వేట మైదానాలు అభయారణ్యాలు కావడం మనకూ కొత్త కాదు. మెదక్ వైపున్న పోచారం ఒకప్పుడు నిజాం వేటకు వెళ్లిన అడవి. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే పట్టెతల బాతులు అక్కడి చెరువులో దిగుతాయి.

చట్టం గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇంకా చాలామందికి అపోహ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో బాతుల్ని చిన్నవేట జాబితాలో ఉంచింది, లైసెన్సు తీసుకుని కొట్టవచ్చు. 1991లో చేసిన సవరణతో ఆ లైసెన్సులు పోయాయి. అప్పటినుంచి సరదాకు బాతువేట అనేది ఈ దేశంలో లేదు. తుపాకి అయినా, వల అయినా, విషం కలిపిన వడ్లయినా నేరమే. మూడేళ్లదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా, రెండూ పడవచ్చు. గుడ్లు తీసినా, గూడు పాడుచేసినా అంతే. తుపాకి లైసెన్సు ఉంది కదా అంటే కుదరదు. ఆ లైసెన్సు తుపాకికే గాని బాతుకు కాదు. ఇప్పుడు కొందరు కుర్రాళ్లు ఎయిర్‌గన్ భుజాన వేసుకుని చెరువు గట్ల మీద ఫోటోలు దిగి ఫోన్లలో పెడుతున్నారు. వాళ్ల వెనక మోటారు సైకిలు మీద ఓ చిన్న తమ్ముడు కూర్చుని ఉంటాడు. నాకు కోపం ఆ పెద్దవాళ్ల మీద. ఆ తమ్ముడు కట్టదాకా వచ్చేశాడు, సగం పని అయిపోయింది. చేతికి ఏం అందిస్తున్నారన్నదే మిగిలింది.

ఇంతకీ పోయిందేమిటి? మా మామ చదివింది ఏడో తరగతి. రెక్కల చప్పుడు వింటే చీకట్లోనే ఏ బాతో చెప్పేవాడు. నీళ్ల మీంచి నిలువుగా లేచేది ఏది, నీళ్ల మీద పరుగెత్తి పరుగెత్తి లేచేది ఏది, చెట్టు కొమ్మ మీద వాలే బాతు ఏది, ఏ చెరువులో ఏ వారంలో ఏది దిగుతుంది, ఇవన్నీ ఆయనకు నోటికి వచ్చు. బెల్లాల్ చెరువులో నీళ్లు తగ్గితే అవి మంజీర ఇసుక తిన్నెల మీదికి పోతాయని, అక్కడ జక్కవలు ఎప్పుడూ జంటగానే ఉంటాయని, జంటలో ఒకటి లేస్తే రెండోది ముందే అరుస్తుందని చెప్పేవాడు. ఇవి ఏ పుస్తకంలోనూ చదివినవి కావు. చంపడానికి నేర్చుకున్న విద్యే, ఒప్పుకుంటాను. కాని ఆ విద్య పిల్లలకు అందింది మాత్రం వెంట తోలుకపోవడం వల్ల. వేట ఆగాక మామకు చెరువుకు పోవడానికి కారణం లేకుండా పోయింది. ఆయన పిల్లలకు ఆ బాతుల పేర్లు రావు. వాళ్ల పిల్లలకు పెంగ్విన్ గురించి తెలుసు.

వేటకూ చూపుకూ ఉన్న ఈ చుట్టరికం నేను కల్పించింది కాదు. సలీం అలీ పేరు మీరు వినే ఉంటారు. పక్షుల పెద్దాయన. ముంబైలో పదేళ్లు అటూ ఇటూ వయసులో, బొమ్మ ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుక కాదు కదా, ఇది తినొచ్చా అని సందేహమొచ్చి మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీకి చూపించాడు. ఆ మేనమామా వేటగాడే, ఆయనకూ ఆ పిట్ట తెలియలేదు. ‘ఏదో ఒక పిట్టలేరా, పో’ అని ఆయన అనలేదు. ఉత్తరం ఇచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దగ్గరికి పంపించాడు. ఆ దొర పిల్లాడికి బీరువాల నిండా ఉన్న పక్షుల్ని తీసి చూపించాడు. ఆ పిల్లాడే 1931, 32లలో మన హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఆయన భార్య తహ్మీనా కూడా క్యాంపుల్లో వెంట ఉంది. నిజాంసాగర్ పూర్తయిన కాలమే అది. భరత్‌పూర్ వేట మైదానం పక్షులకు దక్కడంలోనూ ఆయన పాత్ర ఉంది. ఈ కథలో అందరూ ఆ పిచ్చుకను గుర్తుపెట్టుకుంటారు. నేను ఆ మేనమామను గుర్తుపెట్టుకుంటాను.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు ఫోన్లో చెప్తుంటారు, అక్కడ పిల్లల కోసమే ప్రత్యేకంగా బాతువేట రోజులు ఉంటాయని, తోడుగా పెద్దవాళ్లు ఉండి తీరాలని. 1934 నుంచి అక్కడ బాతుల వేటకు స్టాంపు కొనాలి, ఆ డబ్బుతో ప్రభుత్వం చిత్తడి నేలలు కొని కాపాడుతుంది. వేటగాడే చెరువుకు కాపలా ఖర్చు పెట్టుకుంటున్నాడన్న మాట. మన దగ్గర ఆ పద్ధతి పెట్టాలని నేను అనను. మన చెరువులూ మన జనాభా వేరు. కాని ఒకటి గమనించాను. మన దగ్గర వేటగాడు కట్ట దిగి వెళ్లిపోయాక ఆ జాగాలో ఎవరూ వచ్చి కూర్చోలేదు. చెరువు శిఖం భూమి కొంచెం కొంచెం కరిగిపోతుంటే ‘మొన్న ఇక్కడిదాకా నీళ్లుండేవి కదా’ అనడానికి, చలికాలం పొద్దున్నే అక్కడ మనిషి లేడు. 2015లో సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీయించింది, నీళ్లు నిలిచాయి. సంతోషమే. అయితే తోక పైకెత్తి, తల నీళ్లలో ముంచి అడుగున మేసే బాతుకు లోతు పనికిరాదు, మోకాలి లోతు కావాలి. చెరువు అంచున పల్లంగా, బురదగా, పనికిరానట్టు కనిపించే ఆ జాగాయే దానికి అన్నం పళ్లెం. అక్కడ చూసేవాళ్లుంటే ఎవరో ఒకరు ఈ మాట చెప్పేవారు.

సరే, బిడ్డను తోలుకపోవడం ఎలా? నేను నా మనవరాలిని తీసుకుపోతున్నాను కనక అనుభవం మీద చెప్తాను.

తుపాకి లేనివాడికి మబ్బులనే లేవాల్సిన అవసరం లేదనే సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. వేటగాడికి కావలసింది బాతు తన మీదుగా ఎగరడం. మనకు కావలసింది అది నీళ్ల మీద కూర్చుని కనపడటం. పొద్దు పొడిచి మంచు పలచబడ్డాక వెళ్లినా చాలు, ఎనిమిదింటికల్లా ఇల్లు చేరొచ్చు. అయినా నా మనవరాలు చీకటితోనే పోదామంటుంది. చీకట్లో లేచి పోవడంలో పిల్లలకు ఏదో ఉంది, దాన్ని కాదనకండి. సూర్యుడు మీ వీపున ఉండేట్టు, అంటే చెరువుకు తూర్పు గట్టున నిలబడండి. వెలుతురు బాతుల మీద పడుతుంది, రంగులు తెలుస్తాయి. పడమటి గట్టున నిలబడితే అన్నీ నల్లగా కనిపించి, తాతకు ఏమీ తెలియదనే పేరు వస్తుంది.

తెల్ల చొక్కా, ఎర్ర స్వెట్టరు వద్దు. మట్టి రంగు, ఆకు రంగు మంచివి. చీలమండలు కప్పే బూట్లు వేయండి, కట్ట మీద గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి. పూడిక మట్టి తవ్విన చోట గుంతలు ఒడ్డు పక్కనే లోతుగా ఉంటాయి, పైకి తెలియవు. నీళ్ల దగ్గర బిడ్డ చెయ్యి వదలొద్దు. ఈ ఒక్క విషయంలో నేను నవ్వుతూ చెప్పలేను. తినడానికి ఏదైనా పట్టుకుపోండి, కాని సంక్రాంతి రోజులు కదా అని సకినాలు తేకండి. కొరికితే అవతలి గట్టుకు వినిపిస్తుంది. అరిసె అయితే చప్పుడు చేయదు.

బైనాక్యులర్ లేకపోతే ఏమీ కాదు. ఉన్నా చిన్నపిల్లల కళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కనక రెండు గొట్టాలను బాగా దగ్గరకు మడిచి ఇవ్వాలి. అలా చేయకుండా ఇచ్చి, ‘కనపడిందా, కనపడిందా’ అని అడిగితే, మనల్ని సంతోషపెట్టడానికి కనపడిందంటారు. నిజంగా కనపడితే పిల్లలు నోరు తెరుస్తారు, మాట్లాడరు.

అన్నిటికంటే ముఖ్యం, ఏదో ఒక పని ఇవ్వడం. చూడు, నేర్చుకో, అంటే పది నిమిషాల్లో ఆవలింతలు. పని ఇస్తే కూర్చుంటారు. మా మామ నాకిచ్చిన పని పడిన పిట్టను చూసి పెట్టుకోవడం. నేను నా మనవరాలికి మునిగిన పిట్టను ఇచ్చాను. బుడబుంగ అని చెరువుల్లో చిన్న పక్షి ఉంటుంది, బుడుంగున మునిగి ఎక్కడో తేలుతుంది. ఎక్కడ తేలుతుందో ముందే వేలు పెట్టి చూపించాలి. ఆ పందెంలో నేను గెలిచింది తక్కువ. తర్వాత గరిటెమూతివి. ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతూ మూతితో నీళ్లను వడగడతాయి. అవి ఎటువైపు తిరుగుతున్నాయో చెప్పాలి. అలా ఒక్కో బాతుకు ఒక్కో ప్రశ్న. మూతి చివర పసుపు ఉన్నదేది, కంటి మీద తెల్ల కనుబొమ ఉన్నదేది, అన్నిటికంటే చిన్నగా తెల్లగా ఉన్నదేది. పేర్లు తర్వాత వస్తాయి. ఆమె సూదితోకకు పెట్టిన పేరు సన్నమెడోడు. నేను దిద్దలేదు, మా ఇంట్లో ఇప్పుడు దాని పేరు అదే.

రాయి విసిరితే ఎగురుతాయి తాతా అంటుంది. ప్రతి పిల్లా అంటుంది. వద్దనే చెప్పాలి. సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చి, తిరిగి పోవడానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న పిట్ట అది. ఊరికే లేపిన ప్రతిసారీ ఆ కూడబెట్టిందే ఖర్చవుతుంది. ఇది చెప్తే మా పిల్ల, మరి కుక్క లేపితే, అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కుక్కను అదిలించాం.

ఎక్కడికి పోవాలంటే, నిజామాబాద్ వాళ్లకు అలీసాగర్ ఉంది, ఊరికి దగ్గరే. జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ ఉంది, పడవ షికార్లు మొదలుకాకముందే వెళ్లాలి. బోధన్ వాళ్లకు బెల్లాల్ చెరువు గడప ముందే ఉంది. కొంచెం దూరం పోగలిగితే గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి, ఆ కింద శ్రీరాంసాగర్ వెనకనీళ్లు. అక్కడ ఒడ్డు మైదానంలో కృష్ణజింకలు కూడా కనపడతాయి, బాతులు చూడకపోయినా పిల్లలు అలిగి రారు. ఏదీ కుదరకపోతే మీ ఊరి కుంట చాలు. నిజానికి మొదటిసారి చిన్న కుంటే మంచిది. పిట్టలు దగ్గరగా ఉంటాయి, ఇల్లూ దగ్గరగా ఉంటుంది.

జనవరిలో ఇంకో అవకాశం ఉంది. 1987 నుంచి ఏటా ఆ నెలలో ఆసియా అంతటా నీటిపక్షుల్ని లెక్కపెడతారు. చాలావరకు ఉచితంగా, ఇష్టంతో వచ్చినవాళ్లే లెక్కిస్తారు. మీరూ మీ బిడ్డతో కలిసి మీ చెరువును లెక్కపెట్టి రాసి పెట్టుకోవచ్చు. వచ్చే ఏడు పోల్చుకోవడానికి పనికొస్తుంది. గుంపును ఒక్కొక్కటిగా లెక్కబెట్టబోతే అది కదిలిపోతుంది. ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటితో కొలుచుకుని, అలాంటి జాగాలు ఎన్ని ఉన్నాయో చూడాలి. రెండో తరగతి పిల్లకు ఇది ఎక్కం లెక్కే, మనకంటే వేగంగా చేస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. గుంపులో నల్లగా, నుదుట తెల్ల బొట్టుతో కొన్ని కలిసి ఈదుతుంటాయి. అవి బొల్లికోళ్లు, బాతులు కావు. వాటిని వేరే వరసలో రాయించండి. ఇక్కడ తప్పేది పిల్లలు కాదు, వాళ్ల వెంట వచ్చిన పెద్దవాళ్లు.